ఫ్లష్ డ్రానా, ఓపెన్ ఎండెడా, గట్‌షాటా? ఇంప్లైడ్ ఆడ్స్ లెక్కేసి చూస్తే దేనికి కాల్ చెయ్యొచ్చు, దేన్ని వదిలెయ్యాలి

పోకర్‌లో పాట్ ఆడ్స్ (కాల్‌కి పెట్టేదానికి పాట్‌లోంచి ఎన్ని రెట్లు వస్తుందన్న లెక్క) దగ్గర ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండదు. పాట్‌లో (మధ్యలో పోగైన డబ్బు) ఎంతుంది, కాల్‌కి (అవతలి బెట్‌కి సమానంగా పెట్టడానికి) ఎంత పెట్టాలి, ఔట్స్ (పడితే మన హ్యాండ్ పూర్తయ్యే ముక్కలు) ఎన్ని, అంతే. అసలు గొడవ ఎక్కడొస్తుందంటే ఆ లెక్క కాస్త తక్కువ పడినప్పుడు. అప్పుడు "పర్లేదులే, ఇంప్లైడ్ ఆడ్స్ ఉన్నాయి కదా" అనేసి చిప్స్ ముందుకి తోసేస్తారు. ఎంతున్నాయి అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఇంప్లైడ్ ఆడ్స్ అంటే డ్రా (ఇంకో ముక్క పడితే పూర్తయ్యే హ్యాండ్) తగిలాక తర్వాతి బెట్లలో ఇంకా గెలిచేది, అది కాల్ కొట్టాలనిపించినప్పుడు చెప్పుకునే సాకు కాదండి, అదొక నంబర్, దాన్ని కాగితం పెన్ను లేకుండానే పది సెకన్లలో తేల్చొచ్చు. ఆ నంబర్ తేలాక ఒక్కో రకం డ్రాని పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కువ సార్లు తగిలే డ్రానే ఎప్పుడూ మంచి డ్రా కాదని అర్థమవుతుంది. ఇక్కడ చెప్పేదంతా నో లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బోర్డ్ మీద అందరికీ కలిపి ఐదు, బెట్‌కి పరిమితి లేని పోకర్) గురించి, మిగతా ఆటల సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్తా.

## ముందు దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది లోటు. నేను దాన్ని ఇలాగే పిలుస్తా. డ్రా తగలకపోయే ఆడ్స్‌ని కాల్ అమౌంట్‌తో గుణించండి, అందులోంచి ఇప్పుడు పాట్‌లో ఉన్నది (అవతలి ప్లేయర్ బెట్‌తో కలిపి) తీసెయ్యండి. మిగిలింది లోటు. అంటే డ్రా తగిలిన ప్రతిసారీ సగటున ఇంకా అంత గెలిస్తేనే ఈ కాల్ సరిసమానం అవుతుంది, అంతకన్నా తక్కువొస్తే నష్టం. సగటున అనే మాట గట్టిగా పట్టుకోండి, దాని దగ్గరే చాలామంది జారిపోతారు.

రెండోది, డ్రా ఎంత దాగి ఉంది అన్నది. ముక్క పడగానే టేబుల్ మొత్తానికి తెలిసిపోతే మనకి ఎవరూ డబ్బులివ్వరు.

మూడోది నట్స్ (ఆ బోర్డ్ మీద కుదిరే అన్నిటికన్నా పెద్ద హ్యాండ్) సంగతి. తగిలాక మనదే పెద్ద హ్యాండా, లేక తగిలి కూడా ఓడిపోయే ఛాన్స్ ఉందా.

ఇంక వెనక మిగిలిన స్టాక్ (ఇంకా పెట్టగలిగే చిప్స్), అవతల కూర్చున్న మనిషి, పొజిషన్ (అవతలివాళ్ల తర్వాత మాట్లాడే వీలు). స్టాక్ విషయంలో మీ దగ్గరున్నది కాదు, ఇద్దరిలో ఎవరిది తక్కువైతే అదే లెక్క. లోటు 644 అయ్యుండి అవతలి ప్లేయర్ వెనక 500 మాత్రమే ఉంటే, అతను ఎంత పిచ్చి కాల్స్ చేసే మనిషైనా సరే, లెక్క అక్కడితో అయిపోయింది, ఫోల్డ్ (హ్యాండ్ వదిలెయ్యడం).

## ఒకే పాట్, ఆరు డ్రాలు

బోర్డ్ మీద మొదటి మూడు ముక్కలు ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. ఇప్పుడు టర్న్ అనుకుందాం. పాట్ 600 ఉంది, అవతలి ప్లేయర్ 400 బెట్ చేశాడు. ఇప్పుడు పాట్ 1000, మనం 400 పెట్టాలి, అంటే 2.5కి 1 వస్తోంది. కనబడని ముక్కలు 46. ఫ్లష్ అంటే ఒకే రంగు (అన్నీ ఆఠీన్ లాగా) ఐదు ముక్కలు, స్ట్రెయిట్ అంటే వరసగా ఐదు. స్ట్రెయిట్‌కి రెండు కొసల్లో ఎటు పడినా చాలితే ఓపెన్ ఎండెడ్, మధ్యలో ఒక్క ఖాళీ నిండాలంటే గట్‌షాట్, అలాంటి ఖాళీలు రెండుంటే డబుల్ గట్‌షాట్, చేతిలో ముక్కలు బోర్డ్ కన్నా పెద్దవైతే ఓవర్‌కార్డ్స్. మన చేతిలో ఏ డ్రా ఉంటే లోటు ఎంతవుతుందో చూడండి:

| డ్రా | ఔట్స్ | రివర్‌లో తగిలే ఛాన్స్ | ఆడ్స్ (ఇంతకి 1) | రావాల్సింది | లోటు |
|---|---|---|---|---|---|
| ఫ్లష్ + ఓపెన్ ఎండెడ్ | 15 | 32.6% | 2.07 | 827 | లేదు |
| ఫ్లష్ + గట్‌షాట్ | 12 | 26.1% | 2.83 | 1133 | 133 |
| ఫ్లష్ డ్రా | 9 | 19.6% | 4.11 | 1644 | 644 |
| ఓపెన్ ఎండెడ్ లేదా డబుల్ గట్‌షాట్ | 8 | 17.4% | 4.75 | 1900 | 900 |
| రెండు ఓవర్‌కార్డ్స్ | 6 | 13.0% | 6.67 | 2667 | 1667 |
| గట్‌షాట్ | 4 | 8.7% | 10.5 | 4200 | 3200 |

మనం కాల్ చేశాక రివర్‌కి పాట్ 1400 అవుతుంది, లోటుని ఎప్పుడూ ఆ 1400 పక్కన పెట్టి చూడాలి. ఫ్లష్‌కి కావాల్సిన 644 అంటే పాట్‌లో 46 శాతం, ఓపెన్ ఎండెడ్ 900 అంటే 64 శాతం, గట్‌షాట్ 3200 అంటే పాట్‌కి రెండింతలు దాటిపోయింది. పై రెండు వరసల గురించి పెద్దగా ఆలోచించే పనే లేదు, 15 ఔట్స్ ఉంటే ఇంప్లైడ్ ఆడ్స్ అవసరమే లేకుండా కాల్ వచ్చేస్తుంది, 12 ఉంటే ఆ 133 ఎలాగోలా వస్తుంది. ఓవర్‌కార్డ్స్‌ని కూడా పక్కన పెట్టేయండి, తగిలినా చేతికొచ్చేది ఒక్క పెయిరే, ఒక్క పెయిర్‌తో రివర్‌లో 1667 రాబట్టడం అంటే మనకన్నా చిన్న హ్యాండ్ అంత పెట్టాలి, అది జరగదు, మనకన్నా పెద్ద హ్యాండే పెడుతుంది. అసలు తికమక మిగిలిన మూడింటిలో ఉంది.

## ఫ్లష్ డ్రా: తగలడం ఎక్కువ, రాబడి తక్కువ

టేబుల్ చూస్తే ఫ్లష్ డ్రానే బెస్ట్‌గా కనిపిస్తుంది, లోటు 644 మాత్రమే. కానీ ఆ 644 సగటు. రివర్‌లో మూడో ఆఠీన్ పడింది, అవతలి ప్లేయర్ చెక్ చేశాడు (బెట్ చెయ్యకుండా మాట మనకి వదిలేశాడు), మీరు సగం పాట్ అంటే 700 బెట్ చేశారు. దానికి 92 శాతం సార్లు కాల్ రావాలి, అప్పుడు గానీ 644 సగటు రాదు. పాట్ మొత్తం 1400 బెట్ చేస్తే 46 శాతం సార్లు కాల్ రావాలి. మూడు ఆఠీన్లు కళ్లముందు కనబడుతుంటే ఒక్క పెయిర్ పట్టుకున్న మనిషి పాట్ సైజ్ బెట్‌ని సగం సార్లు కాల్ చేస్తాడా? ఎప్పుడూ కాల్ చేసే అలవాటున్న మనిషైతే చేస్తాడు, కాస్త ఆలోచించే ప్లేయర్ చెయ్యడు.

దీనికన్నా దారుణమైంది చిన్న ఫ్లష్. చేతిలో ఆఠీన్ ఆరు, ఐదు ఉన్నాయనుకోండి. పదిసార్లు ఫ్లష్ తగిలితే తొమ్మిదిసార్లు గెలిచి ఒక్కసారి పెద్ద ఫ్లష్‌కి ఓడిపోయి రివర్‌లో ఇంకో 1400 సమర్పించుకున్నారనుకుందాం, ఆ ఒక్కసారి వల్ల లోటు 644 నుంచి 1027కి ఎగబాకుతుంది! పదికి ఒకటే కదా అనిపిస్తుంది గానీ, ఓడిన ఆ ఒక్కసారి గెలుపూ పోతుంది, పైగా 1400 ఎదురు పోతుంది. దీన్నే రివర్స్ ఇంప్లైడ్ ఆడ్స్ అంటారు, లెక్కలో దీన్ని వదిలేసినవాళ్లకి ఫ్లష్ డ్రా ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. అందుకే ఆసు ఉన్న ఫ్లష్ డ్రా, ఆరు ఐదు ఉన్న ఫ్లష్ డ్రా, రెండూ 9 ఔట్స్ అయినా రెండూ వేరే హ్యాండ్స్ కింద లెక్క పెట్టుకోండి. బోర్డ్ మీద అదే రంగు ఆసు ఉంటే రాజు ఉన్న ఫ్లషే నట్స్.

ఇంకో చిన్న విషయం. ఫ్లాప్ ఆఠీన్ తొమ్మిది, ఆఠీన్ ఐదు, కళావర్ రెండు అనుకోండి, అవతల సెట్ (చేతిలో జత, బోర్డ్ మీద అదే ముక్క మూడోది) ఉందని అనుమానం ఉంటే ఆఠీన్ రెండు మీ ఔట్ కాదు, అది పడితే మీకు ఫ్లష్, అతనికి ఫుల్ హౌస్, అది ఫ్లష్ కన్నా పెద్దది.

## ఓపెన్ ఎండెడ్, డబుల్ గట్‌షాట్: ఒక్క ఔట్ తక్కువ, కానీ...

ఒక్క ఔట్ తేడాకే లోటు 644 నుంచి 900కి వెళ్లింది, నిజమే. అయినా కొన్ని చోట్ల నేను ఫ్లష్ కన్నా దీన్నే ఇష్టపడతా, ఎందుకంటే స్ట్రెయిట్ పడితే చాలామందికి కనబడదు. బోర్డ్ పది, తొమ్మిది, రెండు, మూడు ఉంది, మీ దగ్గర రాణి జాకీ. రివర్‌లో ఎనిమిది పడింది. తన ఆసు పది టాప్ పెయిర్ టాప్ కిక్కర్ (బోర్డ్‌లో పెద్ద ముక్కతో జత, పక్కన ఆసు) అని ధైర్యంగా ఉన్న మనిషికి ఆ ఎనిమిది చూసి పెద్దగా భయం వెయ్యదు, అదే మూడో ఆఠీన్ పడి ఉంటే చెయ్యి వెనక్కి తీసేసేవాడు. ఇక్కడ రాజు పడినా ఎనిమిది పడినా మీదే నట్స్ (బోర్డ్ మీద ఫ్లష్ కుదరనంత వరకు), 8 ఔట్స్‌కి 8 శుభ్రమైనవి.

ఇప్పుడు అదే బోర్డ్ మీద ఎనిమిది ఏడు పట్టుకున్న మనిషిని చూడండి. ఆయనకీ 8 ఔట్సే, జాకీలు నాలుగు, ఆరులు నాలుగు. ఆరు పడితే నట్స్. జాకీ పడితే మాత్రం రాజు రాణి ఉన్నవాడికీ, రాణి ఎనిమిది ఉన్నవాడికీ ఇంకా పెద్ద స్ట్రెయిట్ వచ్చేస్తుంది. జాకీలని సగం ఔట్స్ కింద లెక్కేస్తే మొత్తం 6, అంటే పైన టేబుల్‌లో ఓవర్‌కార్డ్స్ వరసలోకి పడిపోయాడు, లోటు 900 కాదు 1667. పేరు ఒకటే, ఓపెన్ ఎండెడ్, విలువ దాదాపు సగం. కాబట్టి స్ట్రెయిట్ డ్రా చూసినప్పుడు ఔట్స్ ఎన్ని అని కాదు, పై కొస పట్టుకున్నామా కింద కొస పట్టుకున్నామా అని ముందు చూసుకోవాలి.

డబుల్ గట్‌షాట్‌కీ ఇవే 8 ఔట్స్, దాగుడు మాత్రం ఇంకా ఎక్కువ. బోర్డ్ మీద జాకీ, ఎనిమిది, ఐదు, మీ చేతిలో తొమ్మిది ఏడు. పది పడినా స్ట్రెయిట్, ఆరు పడినా స్ట్రెయిట్. ఆరు పడితే మీదే నట్స్, ఆ ఆరుని ఎవరూ పట్టించుకోరు కూడా. పది పడితే రాణి తొమ్మిది ఉన్నవాడు మీకన్నా ముందుంటాడు, అది గుర్తుంచుకోండి.

## గట్‌షాట్: బెట్ సైజే అంతా

400 బెట్‌కి లోటు 3200, పాట్‌కి రెండింతల పైన. నాలుగు ఔట్స్ కోసం అంత రాబట్టాలంటే స్టాక్స్ చాలా లోతుగా ఉండాలి, అవతల పట్టు వదలని హ్యాండ్ ఉండాలి. మామూలుగా ఫోల్డ్, వాదనే లేదు.

కానీ బెట్ చిన్నదైతే సంగతి మారిపోతుంది. ఫ్లాప్ మీద పాట్ 1000, బెట్ 200 మాత్రమే అనుకోండి. టర్న్ ముక్క ఒక్కటే లెక్కేస్తే గట్‌షాట్ ఆడ్స్ 10.75కి 1, కాబట్టి 2150 రావాలి, పాట్‌లో 1200 ఉంది, లోటు 950. కాల్ చేశాక పాట్ 1400, అంటే 68 శాతం. ఇందాక ఓపెన్ ఎండెడ్‌కి వచ్చిన 64 శాతానికి దగ్గర్లో ఉంది! పైగా ఇంకా రెండు బెట్టింగ్ రౌండ్లు మిగిలున్నాయి. తొమ్మిది, ఏడు, రెండు బోర్డ్ మీద జాకీ పది పట్టుకుని ఉంటే, ఎనిమిది పడిన రోజు మీదే నట్స్, అలాంటి గట్‌షాట్‌ని పొజిషన్‌లో ఉండి చిన్న బెట్‌కి వదలక్కర్లేదు.

## సెట్ కోసం చిన్న పెయిర్‌తో కాల్

ఇది ఫ్లాప్‌కి ముందు వచ్చే ప్రశ్న, అయినా లెక్క ఇదే జాతి. పాకెట్ పెయిర్‌కి ఫ్లాప్ మీద సెట్ లేదా అంతకన్నా పెద్దది తగిలేది 11.8 శాతం, అంటే 7.5కి 1. మరి స్టాక్ కాల్‌కి ఏడెనిమిది రెట్లుంటే చాలా? చాలదు. తగిలిన ప్రతిసారీ అవతలి స్టాక్ మొత్తం రాదు, చాలాసార్లు అతనికీ ఏమీ తగలక ఫ్లాప్ మీదే వదిలేస్తాడు, అప్పుడప్పుడు మన సెట్ కన్నా పెద్ద సెట్ కూడా ఎదురవుతుంది. అందుకే కనీసం 15 రెట్లు, వీలైతే 20 రెట్లు అని ఆటగాళ్లు పాటించే కొలత. రైజ్ (పెంచిన బెట్) 60, తక్కువ స్టాక్ 600 అయితే పది రెట్లే, వదిలెయ్యండి. 1500 ఉంటే 25 రెట్లు, హాయిగా కాల్ చెయ్యండి. దాగుడులో దీన్ని మించింది లేదు, ఆసుల జత పట్టుకున్న మనిషికి బోర్డ్ మీద ఒక నాలుగు పడితే అది ప్రమాదం అని ఎందుకనిపిస్తుంది చెప్పండి. ఇందుకే రైజ్ చేసిన మనిషి పెద్ద పెయిర్స్‌తోనే రైజ్ చేసే టైట్ ప్లేయర్ అయితే సెట్ కోసం కాల్ ఇంకా మంచిది, ప్రతి చెత్త హ్యాండ్‌తోనూ రైజ్ చేసేవాడైతే అతని దగ్గర ఇవ్వడానికి హ్యాండే ఉండదు.

## మీ టేబుల్ ఎలాంటిదైతే ఏది

ఫోల్డ్ చెయ్యడం తెలియని మనుషులతో ఆడుతుంటే ఫ్లష్ డ్రా రాజు. బోర్డ్ భయాలు వాళ్లకి ఉండవు, కాబట్టి దాగుడుకి విలువ తగ్గిపోయి ఔట్స్ సంఖ్యకే విలువ పెరుగుతుంది. బోర్డ్ చదివే ప్లేయర్ల మధ్య ఆడేవాళ్లకి దీనికి పూర్తిగా తలకిందులు, వాళ్ల మీద స్ట్రెయిట్లు, సెట్లు పని చేస్తాయి, ఫ్లష్‌కి కాల్ చేసేటప్పుడు రివర్‌లో ఏమీ రాదనుకునే లెక్కెయ్యాలి. తెగ బ్లఫ్ చేసే మనిషి ఎదురుంటే తగిలాక బెట్ చెయ్యకండి, చెక్ చెయ్యండి, డబ్బు అతనే తెచ్చిపెడతాడు.

పొజిషన్ లేకపోతే ఏ లోటునైనా ఇంకొంచెం పెద్దదిగా అనుకోండి. ముందు మాట్లాడాల్సిన వాళ్లం మనమైతే, ముక్క పడ్డాక బెట్ చేస్తే భయపడతారు, చెక్ చేస్తే వాళ్లూ చెక్ చేసేస్తారు, రెండు దారుల్లోనూ నష్టమే. ఇక ఐదారుగురు ఉన్న పాట్‌లో ఎవరో ఒకరు డబ్బులిస్తారన్నది నిజం, కానీ అక్కడ ఇంకొకరి దగ్గర పెద్ద ఫ్లష్ ఉండే ఛాన్స్ కూడా అంతే పెరుగుతుంది. అలాంటి పాట్‌లోకి నట్ డ్రాలతోనే దిగండి.

## కాల్ వద్దనుకుంటే ఫోల్డ్ ఒక్కటే దారా? రైజ్ సంగతి

ఇది చాలామంది పోల్చి చూడరు. అదే టర్న్, అదే 400 బెట్, ఇద్దరి దగ్గరా (ఆ 400తో కలిపి) 1600 ఉన్నాయనుకుందాం, మీరు ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టి) రైజ్ చేశారు. అతను ఫోల్డ్ చేస్తే 1000 మీదే. కాల్ చేస్తే మొత్తం పాట్ 3800, అందులో మీ డ్రా ఛాన్స్ ఎంతో అంత వాటా. ఔట్స్ అన్నీ శుభ్రమైనవే అనుకుంటే, సరిసమానం కావడానికి అతను ఎన్నిసార్లు ఫోల్డ్ చెయ్యాలంటే:

| డ్రా | కాల్ చేస్తే లోటు | రైజ్ చేస్తే రావాల్సిన ఫోల్డ్స్ |
|---|---|---|
| ఫ్లష్ + ఓపెన్ ఎండెడ్ | లేదు | సుమారు 27% |
| ఫ్లష్ డ్రా | 644 | సుమారు 46% |
| గట్‌షాట్ | 3200 | సుమారు 56% |

ఇది కాసేపు చూడండి. కాల్‌కి వస్తే గట్‌షాట్ ఫ్లష్ కన్నా ఐదు రెట్లు బరువు. రైజ్‌కి వస్తే తేడా పది శాతమే! అంటే ఫోల్డ్ చేసే మనిషి ఎదురుగా ఉంటే డ్రా బలం కన్నా అతని భయమే ముఖ్యం, అతను భయపడని మనిషైతే రైజ్ ఊసే ఎత్తకండి. ఒక రకంగా ఇంప్లైడ్ ఆడ్స్, ఫోల్డ్స్ రెండూ ఎదురెదురు గుణాలు. తగిలాక డబ్బులిచ్చే మనిషి రైజ్‌కి ఫోల్డ్ చెయ్యడు, రైజ్‌కి ఫోల్డ్ చేసే మనిషి తగిలాక డబ్బులివ్వడు. మొదటి రకం మీద కాల్, రెండో రకం మీద రైజ్, ఎటూ తేలని మనిషి మీద లోటు పెద్దదైతే ఫోల్డ్.

## ఫ్లాప్ మీద జరిగే పెద్ద పొరపాటు

ఔట్స్‌ని నాలుగుతో గుణిస్తే రెండు ముక్కల ఛాన్స్, రెండుతో గుణిస్తే ఒక్క ముక్క ఛాన్స్, ఈ చిట్కా అందరికీ తెలుసు. ఫ్లష్ డ్రాకి 36 అంటుంది, అసలు 35 శాతం, బాగానే ఉంది. 15 ఔట్స్‌కి 60 అంటుంది, అసలు 54.1, అక్కడ కాస్త ఎక్కువ చెప్తుంది. కానీ అసలు తప్పు గుణకారంలో కాదు, నాలుగుతో గుణించిన అంకెని ఆల్ ఇన్ కానప్పుడు కూడా వాడటంలో ఉంది. ఫ్లాప్ మీద పాట్ 600, బెట్ 400. 35 శాతం అంటే 1.86కి 1, మనకి 2.5కి 1 వస్తోంది, ఇంక ఇంప్లైడ్ ఆడ్స్ ఎందుకు అనిపిస్తుంది. కానీ టర్న్ మీద అతను మళ్లీ బెట్ చేస్తాడు, ఆ రెండో ముక్క చూడాలంటే మళ్లీ డబ్బు పెట్టాలి, అది ఈ లెక్కలో లేదు. ఒక్క ముక్కకే లెక్కేస్తే 4.22కి 1, లోటు 689. ఆల్ ఇన్ అయితేనే రెండు ముక్కల లెక్క, లేదంటే ఎప్పుడూ ఒక్క ముక్కదే.

టేబుల్ మీద దశాంశాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఫ్లష్‌కి నాలుగు పైన కొంచెం, ఓపెన్ ఎండెడ్‌కి ఐదు, గట్‌షాట్‌కి పదకొండు, చిన్న పెయిర్‌కి ఏడున్నర. కాల్‌ని దాంతో గుణించి పాట్ తీసెయ్యడమే.

## మిగతా ఆటల్లో

లిమిట్ హోల్డెమ్‌లో బెట్ సైజ్ ముందే ఫిక్స్ కాబట్టి రివర్‌లో రాబట్టేది సాధారణంగా ఒక బెట్, బాగుంటే రెండు, పెద్ద లోటుని పూడ్చే దారే లేదు. పాట్ లిమిట్ ఒమాహాలో 13, 16, 20 ఔట్స్ ఉన్న స్ట్రెయిట్ డ్రాలు కూడా వస్తాయి, కానీ అందరి చేతిలో నాలుగేసి ముక్కలుంటాయి కాబట్టి నట్స్ కాని డ్రా అక్కడ చాలా ఖరీదైన వ్యవహారం, పైన చిన్న ఫ్లష్ గురించి చెప్పిందంతా అక్కడ ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. టోర్నమెంట్లలో చివరికొచ్చేసరికి స్టాక్స్ 20, 30 బిగ్ బ్లైండ్స్‌కి (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే బెట్‌కి 20, 30 రెట్లకి) వచ్చేస్తాయి, టర్న్‌లో ఒక బెట్ కాల్ చేస్తే వెనక ఏమీ మిగలదు. అక్కడ సెట్ కోసం కాల్స్, గట్‌షాట్ కాల్స్ మానేసి, డ్రా బాగుంటే ముందే ఆల్ ఇన్ తోసెయ్యడం, లేదంటే ఫోల్డ్.